వేడి మీద చూడాలి

కొలత అనేది ఆడవాళ్ళ చేతిలో విద్య అని నాకు గట్టి నమ్మకం ఉండేది. నలుగురు చుట్టాలు చెప్పకుండా వస్తే బియ్యం ఎన్ని గ్లాసులు పొయ్యాలో, పండక్కి ఎన్ని కేజీల బెల్లం కావాలో ఏ పుస్తకమూ చూడకుండా చెప్పేస్తాం కదండీ! మా అత్తగారు పోయేదాకా సోలలూ, తవ్వలూ, గిద్దలూ తప్ప లీటర్ల మాట ఎత్తలేదు. పాలు పోయించుకునేటప్పుడు ఆవిడ పక్కనే నిలబడి, "నురగ తగ్గనీ నాయనా, అప్పుడు చూద్దాం నువ్వెన్ని పోశావో" అనేవారు. పాలవాడు మూరెడు ఎత్తు నుంచి పోస్తే గిన్నె నిండుగానే కనబడుతుంది. నురగ దిగితేగాని అసలు సంగతి తేలదు.

అంతటి ఇంట్లో ముప్ఫై అయిదేళ్ళు కాపరం చేసిన నేను ఒక ఇనప పుల్ల దగ్గర మోసపోయాను. నేను మోసపోయానంటే పోనీ అనుకోవచ్చు. హైస్కూల్లో తరతరాల పిల్లలకి లెక్కలు చెప్పిన మావారు కూడా మోసపోయారు. ఆ ముచ్చట చెబుతాను వినండి.

మాది చోడవరం. స్వయంభూ విఘ్నేశ్వరస్వామి గుడి తెలిసినవాళ్ళకీ, గోవాడ పంచదార ఫ్యాక్టరీ పేరు విన్నవాళ్ళకీ మా ఊరెక్కడో చెప్పక్కర్లేదు. హల్వాకి పేరుపడ్డ మాడుగుల మాకు దగ్గరే. పుట్టినప్పటినుంచీ విశాఖపట్నం జిల్లా అని రాసుకున్నవాళ్ళం, 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లావాళ్ళమయ్యాం. జిల్లా మారినా మా ఆసుపత్రి ప్రయాణాలు మాత్రం విశాఖపట్నానికే.

ఆ ప్రయాణాలకి కారణం మావారి ఎడమ మోకాలు. గుజ్జు అరిగిపోయిందన్నారు. రెండు వారాలకోసారి వచ్చి చూపించుకోవాలనీ, అక్కడే కాలికి కసరత్తు చేయించుకోవాలనీ చెప్పారు. బస్సు మెట్టు ఎక్కడం ఆయనకి కొండ ఎక్కడంతో సమానమైపోయింది. ఇంట్లో ఉన్న పాత కారు నడుపుదామంటే క్లచ్చు తొక్కాల్సింది సరిగ్గా ఆ ఎడమ కాలే. నాకా, అప్పటికి సైకిలు తొక్కడం కూడా రాదు.

ఈ అవస్థ చూసి విశాఖపట్నంలో ఉండే మా మరిది, తను కొత్త కారు కొనుక్కుంటూ పాతదాన్ని మాకిచ్చాడు. "వదినా, ఇది ఆటోమేటిక్కు. క్లచ్చు లేదు. కుడి కాలొక్కటే పని చేస్తుంది, ఎడమ కాలికి శలవు. మీరే నేర్చుకోండి" అన్నాడు. వీధిలో పిల్లలు వచ్చి కిందకి తొంగిచూసి, "రెండే పెడళ్ళు!" అని ఆశ్చర్యపోయారు. యాభై ఎనిమిదో ఏట నేను కారు నేర్చుకుని, లైసెన్సు తెచ్చుకుని, మావారిని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని విశాఖపట్నం వెళ్ళొచ్చిన రోజున మా వీధివాళ్ళందరూ అరుగుల మీదకి వచ్చి చూశారు. గర్వపడలేదంటే అబద్ధమవుతుంది.

అసలు క్లచ్చు లేకుండా కారెలా నడుస్తుందని నాకు సందేహం వచ్చింది. మావారు బల్ల మీద రెండు ఫ్యానులు ఎదురెదురుగా పెట్టి, ఒకదానికే స్విచ్చి వేశారు. దాని గాలికి రెండోది కూడా మెల్లగా తిరగడం మొదలెట్టింది. కారులో గాలికి బదులు నూనె ఉంటుందట. ఇంజను ఒక చక్రాన్ని తిప్పితే అది నూనెని విసిరికొడుతుంది, ఆ నూనె ఎదురుగా ఉన్న రెండో చక్రాన్ని తిప్పుతుంది. దాన్నే టార్క్ కన్వర్టర్ అంటారు. ఆ నూనే ఒత్తిడితో గేర్లు కూడా మారుస్తుంది, పళ్ళ చక్రాలకి తడినిస్తుంది, వేడిని మోసుకుపోయి చల్లార్చుకొస్తుంది. వెరసి ఇంజనుకీ చక్రాలకీ మధ్య పెళ్ళిళ్ళ పేరయ్య ఆ నూనె. పేరయ్య బాగున్నంతకాలం సంబంధం బాగుంటుంది.

సుమారు ఏడాది బాగానే నడిచింది. తరువాత ఒక పొద్దున్న, కారు వాకిట్లోంచి వెనక్కి తియ్యడానికి రివర్సు వేస్తే కదల్లేదు. మనసులో ఒకటీ రెండూ అనుకునేలోగా గభాల్న కుదిపి కదిలింది. పేపరు చదువుకునేటప్పుడు మావారు కూడా అంతే. పిలిచిన రెండు క్షణాలకిగాని "ఆఁ" అనరు. కాబట్టి నాకది పెద్ద తప్పుగా అనిపించలేదు. నాలుగు రోజులు వరసగా అలాగే చేసేసరికి ఆయనతో చెప్పాను.

"గేరుబాక్సులో నూనె తగ్గి ఉంటుంది. నేను చూస్తాను పద" అన్నారు.

ఆయన చిన్నప్పుడు వాళ్ళ మేనమామగారికి అంబాసిడర్ కారుండేది. ఆ కార్ల తయారీయే 2014లో ఆగిపోయింది గాని, మావారి కారు పాండిత్యం మాత్రం ఆ బానెట్టు కిందే ఆగిపోయింది. పొద్దున్నే, బండి తియ్యకముందు, ఇంజను చల్లగా ఉండగా పుల్ల లాగి నూనె చూడాలని మేనమామగారు నేర్పించారట. ఇంజను నూనెకి అది సరైన పద్ధతే. ఆ పద్ధతి ప్రకారమే మర్నాడు సూర్యోదయానికి ముందే బానెట్టు ఎత్తి, గేరుబాక్సు పుల్ల లాగి, తుడిచి, మళ్ళీ ముంచి, కళ్ళజోడు సవరించుకుని చూశారు. నూనె పై గీత దాటి వేలెడంత ఎత్తున ఉంది.

"నిండుగా ఉంది. నిండుగా ఏమిటి, ఎక్కువే ఉంది. కాబట్టి దోషం నూనెది కాదు" అని తేల్చేశారు. లెక్కల మాస్టారు కాబట్టి అని ఒకసారి అన్నాక ఇంక ఎదురు చెప్పడానికుండదు. నేనూ ఒప్పుకున్నాను. పుల్ల కళ్ళ ముందే ఉంది కదా!

మూడు వారాలు గడిచాయి. ఈలోగా ఇంకో చిన్న సంగతి జరిగింది. కారు నిలబెట్టేచోట నేల మీద ఎర్రటి చుక్కలు కనబడ్డాయి. వాకిలి చిమ్మే అమ్మాయి, "అమ్మా, ఎర్ర సుక్కలు పడ్డాయి, సూడండి" అని చూపించింది కూడాను. అంతకుముందు అమావాస్యకి నేనే కారుకి ఎర్రనీళ్ళతో దిష్టి తీశాను. ఆ నీళ్ళ మరకలేననుకుని కళ్ళాపి చల్లించి పైన ముగ్గు పెట్టేశాను. రెండు రోజులకి ముగ్గు మీద మళ్ళీ చుక్కలు. ఎవరి కళ్ళు పడ్డాయో పాడు కళ్ళనుకుని ఇంకో నిమ్మకాయ కట్టాను. కారు తన బాధ ఎర్ర సిరాతో రాసి చూపిస్తుంటే నేను దాని మీద నాలుగు గీతల ముగ్గు వేస్తున్నానన్నమాట!

ఆ వచ్చే గురువారం ఆసుపత్రికి బయలుదేరాం. మే నెల. సబ్బవరం దాటాక చిన్న ఎత్తు వచ్చింది. యాక్సిలేటరు తొక్కితే ఇంజను గొంతు చించుకుంటోంది గాని కారు ముందుకు పోవడం లేదు. వెనకాల లారీవాడు ఒకటే హారను. గుండె దడదడలాడుతుండగా ఎలాగో పక్కకి తీసి ఆపాను. మావారు దిగి నాలుగడుగులు వేసి కల్వర్టు గోడ మీద కూర్చున్నారు. ఆ నాలుగడుగులూ ఎలా వేశారో అప్పుడు చూశాను. పొద్దున్న పడక్కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతున్నప్పుడు "కాలెలా ఉందండీ?" అంటే "ఇవాళ భేషుగ్గా ఉంది" అన్న మనిషి, గోడ పట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ నడిచారు.

"రాత్రంతా నిద్ర లేదు. నీకు చెబితే కంగారు పడతావని చెప్పలేదు" అన్నారు. కాసేపు ఊరుకుని, "ఇంక ఈ తిరుగుళ్ళు మానేద్దాం. ఈ కారు నడిచేదీ లేదు, నా కాలు బాగుపడేదీ లేదు. ఇంటిపట్టున కూర్చుంటాను" అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. కారు చెడిపోయినందుకు కాదు. ఆ మనిషి నోట ఆ మాట విన్నందుకు.

వందగజాల దూరంలో ఒక లారీల షెడ్డు కనబడింది. వెళ్ళి చెబితే గెడ్డం నెరిసిన మేస్త్రీ ఒకాయన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. అంతా విని, "నూనె సూసేరేటమ్మా?" అన్నాడు.

"చూశాం. నిండుగా ఉంది" అన్నాను.

"ఎప్పుడు సూసేరు?"

"పొద్దున్నే, ఇంజను ఆపి ఉన్నప్పుడు."

ఆయన నవ్వాడు. "అలగ సూస్తే అబద్దం సెప్తాది తల్లీ. ఇది ఇంజను నూనె కాదు. బండి వేడి మీద ఉండాల, ఇంజను తిరగతా ఉండాల, అప్పుడు సూడాల. ఇప్పుడైతే తెగ కాగిపోనాది. అరగంట ఒగ్గీండి, ఊపిరి తిప్పుకుంటాది."

అరగంట ఆగాక ఇంజను వేయించాడు. నన్ను బ్రేకు మీద కాలు గట్టిగా అదిమిపెట్టుకోమని, గేరు కర్రని ఒక్కొక్క స్థానంలోకీ మెల్లగా తిప్పించాడు. తిరిగి పార్కుకి తెప్పించి, పుల్ల లాగి తుడిచి ముంచి తీశాడు. నిండుగా ఉందని మూడు వారాలుగా మేము నిశ్చింతగా ఉన్న నూనె పుల్ల కొసని మాత్రం తడిపింది. కింది గీతకి కూడా అందలేదు. ఒక చుక్క తెల్ల కాగితం మీద రాల్చి చూశాడు, వాసన చూశాడు. "మాడనేదు. రంగు తగ్గింది గాని బతికిపోనారు. ఇంకో వారం ఇలగే నడిపితే గేరుబాక్సు దించీవోలమే" అన్నాడు.

కింద పడుకుని చూస్తే, నూనెని చల్లార్చడానికి రేడియేటరు దగ్గరికి తీసుకుపోయే రబ్బరు గొట్టం బిగింపు దగ్గర తడి తడిగా ఉంది. నా దిష్టి నీళ్ళు అక్కణ్ణుంచి వస్తున్నాయి! "ఇంజను నూనె కొంత కాలిపోతాది గానీ, ఈ నూనె కాలదమ్మా. తగ్గిందంటే ఎక్కడో కారతన్నట్టే. పోసుకుంటా పోడం కాదు, కన్నం ఎతకాల" అన్నాడు.

ఏ రకం నూనె కావాలో తెలియాలంటే బండి పుస్తకం చూడాలన్నాడు. డాష్‌బోర్డు అరలో ఉంది. మా మరిది ఇచ్చిన నాటి ప్లాస్టిక్ సంచీ కూడా విప్పలేదు మేము. విప్పి చూస్తే, ఇంజను వేడెక్కాక, తిరుగుతూ ఉండగా, చదునైన చోట చూడాలని బొమ్మతో సహా అచ్చు వేసి ఉంది. మావారు ఆ పేజీ రెండుసార్లు చదువుకుని, పుస్తకం మూసి, "ప్రశ్న చదవకుండా జవాబు రాసేవాడికి సున్నా అని ఎంతమంది పిల్లలకి చెప్పానో" అన్నారు. ఆ మాటతో ఆయన మొహంలో కాస్త నవ్వు వచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

షెడ్డు కుర్రాడు మోటారు సైకిలు మీద వెళ్ళి ఆ రకం డబ్బా తెచ్చాడు. మేస్త్రీ గొట్టం బిగింపు సరిచేసి నూనె పోశాడు. ఆ రోజు ఆసుపత్రికి రెండు గంటలు ఆలస్యంగా చేరాం. అయినా చేరాం. ఆ వారంలోనే గొట్టం కొత్తది వేయించాను.

ఇంటికొచ్చాక నాకొక సందేహం పట్టుకుంది. తక్కువున్న నూనె పొద్దున్న ఎక్కువగా ఎలా కనబడింది? పెరట్లో నుయ్యి చూస్తే తట్టింది. నూతి మీద మోటారు నడుస్తున్నంతసేపూ నీళ్ళు గొట్టాల్లో, తోట కాలవల్లో ఉంటాయి. ఆ నీళ్ళన్నీ వెనక్కి వచ్చి నూతిలోనే పడతాయనుకోండి. మోటారు ఆపగానే నూతిలో మట్టం పెరిగినట్టు కనబడదూ? గేరుబాక్సులో అదే జరుగుతుంది. ఇంజను తిరుగుతున్నంతసేపూ పంపు నూనెని పైకి తోడి టార్క్ కన్వర్టర్లో, సన్నటి దారుల్లో నింపి ఉంచుతుంది. ఇంజను ఆగితే కొంత నూనె అడుగు తొట్టెలోకి దిగిపోతుంది. పుల్ల ముంచేది ఆ తొట్టెలోనే. విశ్రాంతిగా ఉన్నప్పుడు చూస్తే అంతా సమృద్ధే. పనిలో ఉన్నప్పుడు సరిపోతోందా లేదా అన్నది అసలు ప్రశ్న. మరి వేడి ఎందుకంటే, నూనె కాగితే పొంగుతుంది. 70, 80 డిగ్రీల వేడిలో ఎక్కడ ఉండాలో లెక్కగట్టి ఆ పై గీతలు గీస్తారు.

ఇప్పుడా పరీక్ష నేనే చేస్తాను. పుల్ల ఉన్న బండి ఇంట్లో ఉండి, చెయ్యాలని సరదా పడే అక్కచెల్లెళ్ళ కోసం నా పద్ధతి చెబుతాను. ముందుగా మీ బండి పుస్తకం చదవండి. చాలా బళ్ళలో ఇంజను తిరుగుతుండగా, గేరు పార్కులో పెట్టి చూడమంటారు. కొన్ని న్యూట్రల్‌లో చూడమంటాయి. హోండా వంటివారి బళ్ళు కొన్నింటికి వేడెక్కిన ఇంజను ఆపి, వెంటనే చూడాలి. ఎవరింటి ఆచారం వారిది.

పావుగంటో ఇరవై నిమిషాలో బండి నడిపి వస్తాను. మా వాకిలి వాన నీళ్ళు పోవడానికి వాలుగా కట్టారు. అక్కడ చూస్తే కొలత తప్పుతుంది. అందుకని పక్కింటివాళ్ళ సిమెంటు కళ్ళం మీద నిలబెడతాను. అది చదునో కాదో మావారు గోళీ దొర్లించి నిర్ధారణ చేశారు. హ్యాండు బ్రేకు వేసి, కాలి బ్రేకు తొక్కిపట్టి, గేరు కర్రని పి నుంచి ఆర్, ఎన్, డి, కిందనున్న తక్కిన స్థానాలూ, ఒక్కొక్కచోట రెండు మూడు క్షణాలు ఆపుతూ తిప్పి మళ్ళీ పి లోకి తెస్తాను. దానివల్ల నూనె అన్ని దారుల్లోకీ వెళ్ళి నిండుతుంది. ఇంజను ఆపను.

ఇక్కడొక మాట. ఇంజను తిరుగుతుండగా బానెట్టు ఎత్తడమంటే మన ఆడవాళ్ళం పొయ్యి దగ్గరకన్నా ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. కొంగు నడుముకి బిగించి దోపుకోవాలి. జడ ముడి వేసుకోవాలి. గాజులు పైకి జరుపుకోవాలి. బెల్టులు తిరుగుతూ ఉంటాయి, ఫ్యాను దానంతటదే ఎప్పుడైనా తిరగడం మొదలెడుతుంది, గొట్టాలు చుర్రుమంటాయి. మనవలు దగ్గర లేకుండా చూసుకోవాలి.

పుల్లలు రెండుంటాయి. ఒకటి ఇంజనుది, ఇంకొకటి గేరుబాక్సుది. మొదటిసారి నేను ఇంజను పుల్ల లాగి, నల్లగా ఉందని గుండె బాదుకున్నాను. పుస్తకంలో బొమ్మ చూసి పోల్చుకోవాలి. పుల్ల తుడవడానికి పీచు రాలని గుడ్డ కావాలి. లోపలి దారులు ఎంత సన్ననివంటే చిన్న నూలుపోగు కూడా అడ్డుపడవచ్చు. ఉతికి ఉతికి మెత్తబడ్డ మావారి పాత పంచె ముక్క ఒకటి ఇందుకే విడిగా దాచాను. తుడిచి, పూర్తిగా కిందదాకా దించి, మళ్ళీ లాగి, రెండు వైపులా చూస్తాను. రెండు వైపులూ తేడాగా ఉంటే తక్కువ చూపించేదే నిజమనుకుంటాను. పుల్ల మీద చల్లని గీతలు, వేడి గీతలు వేరువేరుగా ఉంటాయి. చల్లని గీతలు పైపైన అంచనాకే. వేడి గీతల మధ్య ఉంటే ఇంక నిశ్చింత.

తరువాత రంగు, వాసన. ఈ నూనెకి కావాలనే ఎర్ర రంగు కలుపుతారట, కారితే ఇంజను నూనె కాదని తెలియడానికి. ఎర్రగా, తేటగా ఉంటే మంచిది. గోధుమ రంగుకి తిరిగితే వయసైందన్నమాట. నల్లబడి మాడు వాసన వేస్తే లోపల పలకలు కాలుతున్నాయని అర్థం. ఆ వాసన ఎలా ఉంటుందని మిమ్మల్ని మరెవరూ అడగక్కర్లేదు. బెల్లం పాకం ఒక్క క్షణం ఏమరితే ముక్కుకి ఎలా తగులుతుందో మనకి తెలియదా? రోజ్ మిల్కులా పాలు కలిసిన గులాబీ రంగులో ఉంటే నీళ్ళు కలిశాయన్నమాట. ఇంక బండి కదపకుండా మెకానిక్కుని పిలవాలి.

తగ్గితే పోసేది ఆ పుల్ల గొట్టంలోంచే, సన్న మూతి గరాటుతో. చాలా బళ్ళలో రెండు గీతల మధ్య తేడా అర లీటరు అటూ ఇటూ. అందుకని మా అత్తగారిని తలుచుకుని గిద్దెడు గిద్దెడే పోస్తాను. పోసినప్పుడల్లా మళ్ళీ కొలుస్తాను. పుస్తకంలో రాసిన రకమే పోస్తాను. ఎక్కువైతే ఏం పోయిందిలే అనుకోకూడదు సుమండీ! మట్టం పెరిగితే తిరిగే చక్రాలు నూనెని కవ్వంలా చిలికి నురగ తెప్పిస్తాయి. నురగలో ఉన్నది గాలి. గాలికి ఒత్తిడి మోసే సత్తువ ఉండదు. గేర్లు జారతాయి, వేడెక్కుతాయి. పాలవాడి నురగ గిన్నెని మోసం చేస్తుంది, ఈ నురగ బండినే మోసం చేస్తుంది.

నేను పుల్ల పట్టుకోవడం చూసి మా పక్కింటి పిన్నిగారు, వాళ్ళ అల్లుడి ఆటోమేటిక్కు కారుకి కూడా చూసిపెట్టమన్నారు. బానెట్టంతా వెతికినా పుల్ల లేదు. మనూళ్ళలో తిరిగే చిన్న ఆటోమేటిక్కుల్లో చాలామటుకు ఏ.ఎం.టి. రకం. మారుతీవారు 2014లో సెలెరియోతో మొదలెట్టినది. అందులో ఉన్నది మామూలు గేరుబాక్సే. క్లచ్చు తొక్కి గేరు మార్చే పని మనిషి కాలూ చెయ్యీ బదులు యంత్రం చేస్తుంది. దాని నూనె వేరు, లెక్క వేరు. పెద్ద కొత్త బళ్ళలో టార్క్ కన్వర్టర్ ఉన్నా పుల్ల ఉండదు. బండిని చదునుగా పైకెత్తి, నూనె వేడి ఇన్ని డిగ్రీలని యంత్రంతో చూసి, అడుగున ఒక బోల్టు విప్పి మట్టం చూస్తారు. అది వర్కుషాపు పని, మనది కాదు. మనం చెయ్యగలిగింది నేల మీద చుక్కలు పడుతున్నాయా అని చూడటం, గేరు పడటంలో ఆలస్యం ఉందా అని గమనించడం. చుక్కలు కనబడితే ముగ్గు పెట్టకుండా ఉంటే చాలు.

ఆనాటి సున్నా మావారిలో పట్టుదల పెంచింది. ఇలాంటి గేరుబాక్సు మొట్టమొదట పెద్ద ఎత్తున కార్లకి పెట్టి అమ్మింది అమెరికాలో జనరల్ మోటార్సువారట. 1939లో ప్రకటించి, 1940 మోడలు ఓల్డ్స్‌మొబీల్ కారులో ఇచ్చారట. దాని పేరు హైడ్రా-మ్యాటిక్. ఇంకో సంగతి చదివి నాకు చెప్పినప్పుడు మటుకు నేను నిర్ఘాంతపోయాను. 1970ల మొదట్లో అమెరికాలో నిషేధం వచ్చేదాకా ఈ నూనెలో తిమింగలం నూనె కూడా కలిపేవారట! క్లచ్చు తొక్కడానికి బద్ధకించి మనిషి సముద్రంలో తిమింగలాన్ని వేటాడాడన్నమాట. ఇప్పుడు కలపరు కాబట్టి శాకాహారులం మాకు దోషం లేదని మావారు భరోసా ఇచ్చారు.

ఆ గురువారం ఆలస్యంగా వెళ్ళినప్పుడు ఆసుపత్రిలో జరిగిన ముక్క ఒకటి చెప్పడం మరిచాను. డాక్టరుగారు "ఎలా ఉంది?" అనగానే మావారు అలవాటు కొద్దీ "బాగుందండీ" అన్నారు. నేను ఊరుకోలేదు. "కూర్చోబెట్టి అడగకండి డాక్టరుగారూ, నడిపించి చూడండి" అన్నాను. ఆయన వరండా చివరిదాకా నడిపించి, రెండు మెట్లు ఎక్కించి దించి, అప్పుడు మోకాలు పట్టి చూశారు. మందు మార్చారు, కసరత్తు మార్చారు. ఇప్పుడు చేతికర్రతో వీధి చివర కూరల బండి దాకా వెళ్ళొస్తున్నారు. పొద్దున్న కాఫీ దగ్గర కాలి సంగతి అడగడం నేను మానేశాను. కూరల సంచీతో వచ్చి ఆఖరి మెట్టు ఎక్కేటప్పుడు గుమ్మంలో నిలబడి చూస్తాను. "నాక్కూడా పుల్ల పెట్టి చూస్తున్నావా?" అంటారు విసుగ్గా. విసుక్కోనీండి.

మొన్న ఆదివారం హైదరాబాదు నుంచి అమ్మాయి ఫోను చేసింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక, నేను నడుం వాల్చి ఉన్నాను. "అమ్మా, ఒంట్లో ఎలా ఉంది? నడుం నొప్పి తగ్గిందా?" అంది.

"నాకేమే, బ్రహ్మాండంగా ఉన్నాను" అన్నాను.

మావారు పడక్కుర్చీలోంచి గట్టిగా కేక వేశారు. "ఇంజను ఆపి ఉందమ్మా, ఇప్పుడడిగితే అలాగే చెబుతుంది! పొద్దున్న ఎనిమిదింటికి చెయ్యి, పొయ్యి దగ్గర ఉన్నప్పుడు!"

మర్నాడు సరిగ్గా ఎనిమిదింటికి ఫోను మోగింది.